పంతొమ్మిదో పన్ను

నదికి ఈ దరి మిషిగన్, ఆ దరి ఒంటారియో.
మధ్యలో వంతెన, వంతెన చివర సుంకం గది,
గదిలో ఎప్పుడూ ఆవలించే కుర్రాడు.
నేను ఈ దరి షెరీఫ్ ఆఫీసు నేలమాళిగలో
పాత ఫైళ్ళని కంప్యూటర్‌కి అప్పజెప్పే గుమాస్తాని.
నాకు తుపాకీ లేదు.
స్టేపుల్ పిన్నులు పీకే పటకారు ఉంది.

నలభై మూడు పెట్టెలు.
కార్బన్ కాపీల మీద అక్షరాలు వెలిసిపోయినా
దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే నొక్కులు కనిపిస్తాయి.
చివరి చుక్క దగ్గర కాగితానికి చిల్లు.
ఎవరో డిప్యూటీ,
త్వరగా ముగించి ఇంటికెళ్ళాలనుకున్నాడు.

పెట్టె పదిహేడు. 1985, మే నెల.
మంచు కరిగిన వారానికి, రెల్లు పొదల్లో.
"గుర్తు తెలియని స్త్రీ. ఐదడుగుల నాలుగంగుళాలు.
వయసు నలభై, అటూ ఇటూగా.
ఆకుపచ్చ ఊలు తొడుగు ఒకటి, ఎడమ చేతిది.
పంతొమ్మిదో పన్నుకి బంగారం.
గొంతు దగ్గర ఎముక విరిగి ఉంది."
అధికారి సంతకం ఉండాల్సిన చోట
కాఫీ కప్పు గుండ్రంగా ముద్ర వేసింది.
ఒళ్ళు తేలింది. కేసు తేలలేదు.

కంప్యూటర్ అడిగింది: ఏ రాష్ట్రంలో తప్పిపోయింది?
తెలియదంటే ఒప్పుకోదు. గడి ఎర్రగా మెరుస్తుంది.
యాభై పేర్లు చూపించి ఎంచుకోమంటుంది.
నది అవతల అనే పేరు ఆ యాభైలో లేదు.

చిన్నప్పుడు అవతలి మిల్లు దుంగలు మా ఒడ్డుకి కొట్టుకొచ్చేవి.
మా నాన్న వాటిని సౌనా పొయ్యికి నరికేవాడు.
ఎవరివని అడిగిన పాపాన పోలేదు.

అవతలి స్టేషన్‌లో పెల్టియే అని ఒక కానిస్టేబుల్.
ఇవ్వడానికి అభ్యంతరం లేదు, మేడమ్, అన్నాడు,
పదకొండు వారాలు, మూడు సంతకాలు పట్టింది.
వచ్చిన జాబితాలో ప్రతి పేరు పక్కనా
కనబడుట లేదు, కనబడుట లేదు.
రోజెల్లా సిరెట్. ఇరవై తొమ్మిదేళ్ళు.
నూట అరవై మూడు సెంటీమీటర్లు.
ముప్పై ఆరో పన్నుకి బంగారం.

ఇరవై తొమ్మిది నలభై కాదు.
ముప్పై ఆరు పంతొమ్మిది కాదు.
కాగితం పక్కన పెట్టేశాను. ఒప్పుకుంటున్నాను,
రెండు వారాలు అలాగే పడి ఉంది.

తర్వాత పంటికి సిమెంటు పెట్టించుకోడానికి వెళ్ళి
నోరు తెరిచే ముందు డాక్టర్ని అడిగాను.
మనం ఒక కొస నుంచి వరసగా లెక్కపెడతాం, అన్నాడు.
వాళ్ళు నోటిని నాలుగు వాడలు చేస్తారు.
ముప్పై ఆరంటే మూడో వాడలో ఆరో ఇల్లు.
కింద, ఎడమ పక్క, వెనక.
మనకది పంతొమ్మిది.

ముప్పై తొమ్మిదేళ్ళు
ఒక పన్ను, రెండు అంకెలు.

పరీక్షలకి ఇంకో నాలుగు నెలలు.
ఇంటివాళ్ళకి వార్త చెప్పడం పెల్టియే పని.
కానీ ఒక మంగళవారం ఆమె చెల్లెలు వెర్నా
నా నంబరుకే చేసింది.
బింగోలో గెలిచిన డబ్బుతో కట్టించుకుందండీ, అంది.
నమిలే పంటికి బంగారమేమిటే,
గొలుసు కొనుక్కోవచ్చుగా అని అమ్మ తిట్టింది.
నవ్వితే కనబడేది కాదు, ఆవలిస్తేనే.
అందుకని నిద్ర రాకపోయినా ఆవలించేది.
నవ్వింది వెర్నా. తర్వాత చాలాసేపు
వాళ్ళింటి ఫ్రిజ్ రొద ఒక్కటే వినిపించింది.
ఎక్కడ పెట్టారు?
కౌంటీ శ్మశానం, చివరి వరస, పదకొండు.
పదకొండు, అని రాసుకుంది.
పెన్సిల్ గీసుకున్న చప్పుడు.

ఫైలుని గుర్తు తెలియనివాళ్ళ పెట్టెలోంచి తీసి
తేలని హత్యల పెట్టెలో పెట్టాను.
అది ఒక మెట్టు ఎక్కడమో, దిగడమో.
ఎవరు అన్న గడి నిండింది.
ఎవరి చేతిలో అన్న గడి
ఎర్రగా మెరుస్తోంది.

పెట్టె పద్దెనిమిది.
మొదటి పిన్ను తుప్పుపట్టి, పీకుతుంటే విరిగింది.
దేవుకుంటూ, నాలుకతో తడుముకున్నాను
కింద, ఎడమ పక్క, వెనక.